పౌర సంబంధాల ఉద్యోగం: అందులోని మేలు, ముప్పు

గత సంవత్సరం జూలైలో మన సొసైటీ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలు జరిగినప్పుడు ఒక అమ్మాయి వచ్చి మా ఎదురుగా కూర్చుంది. తండ్రి టైలరు. డిగ్రీలో మంచి మార్కులు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ తడబడకుండా మాట్లాడుతోంది. "ఏం చదువుదామనుకుంటున్నావమ్మా?" అని అడిగితే, "పబ్లిక్ రిలేషన్స్‌లో పీజీ డిప్లొమా చేస్తాను సార్" అంది.

కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏటా పది మంది పిల్లల ఫీజులు తన జేబులోంచి కట్టే మనిషి. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "బేటా, అదంతా పెద్దవాళ్ళ తప్పులకు సున్నం కొట్టే పని కదా? హాయిగా బీఈడీ చేసుకోరాదా?" అన్నారు.

ఆ అమ్మాయి కాసేపు తలవంచుకుని, తర్వాత మెల్లగా చెప్పింది: "మా బస్తీలో డెంగీ వచ్చినప్పుడు ఇంటింటికీ ఒక కాగితం పంచారు సార్. అందులో ఏముందో మా అమ్మీకి అర్థం కాలేదు, పక్కింటివాళ్ళకూ అర్థం కాలేదు. నేనే చదివి అందరికీ విడమరిచి చెప్పాను. అలాంటి కాగితాన్ని అర్థమయ్యేటట్టు రాయడం కూడా ఈ ఉద్యోగమేనని మా మేడం చెప్పారు."

పెద్దాయన నా వైపు తిరిగి, "మీరే చెప్పండి భాయ్ సాబ్, ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఉద్యోగమే చేశారు కదా" అన్నారు. బయట ఇంకా ముప్పై మంది పిల్లలు వరుసలో ఉన్నారు. ఆ పూట అయిదు నిమిషాల్లో చెప్పలేకపోయిన సంగతిని ఈ సంచికలో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి దరఖాస్తులు ఇకముందు ఎక్కువే వస్తాయి. వాటికి డబ్బు ఇచ్చేది మీరు కాబట్టి ఆ డబ్బు ఎలాంటి దారిలోకి వెళుతుందో మీకు తెలియాలి.

అసలు ఈ పని ఏమిటి?

పబ్లిక్ రిలేషన్స్ అనే మాటకు తెలుగులో ప్రజా సంబంధాలు, పౌర సంబంధాలు అని రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ప్రభుత్వంలో దీనికి ఏకంగా ఒక శాఖే ఉంది. దాని పేరు సమాచార, పౌర సంబంధాల శాఖ. జిల్లాలో కలెక్టరు సమీక్ష జరిపితే ఆ వార్తను రాసి పత్రికలకు పంపేది, విలేకరులను కార్యక్రమాలకు తీసుకువెళ్ళేది జిల్లా పౌర సంబంధాల అధికారి. మనం డీపీఆర్వో అంటాం. సికింద్రాబాద్‌లోని దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయంలో ఇదే పనికి సీపీఆర్వో ఉంటారు. రైలు రద్దయినా, పండుగకు ప్రత్యేక రైలు వేసినా ఆ ప్రకటన వచ్చేది వారి ఆఫీసు నుంచే. ఇవి కాక పెద్ద కంపెనీలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు సొంతంగా పీఆర్వోలను పెట్టుకుంటాయి. ఒకేసారి పది పదిహేను కంపెనీల తరఫున ఈ పని చేసిపెట్టే ఏజెన్సీలు హైదరాబాదులోనూ ఉన్నాయి.

చాలామంది దీన్ని ప్రకటనల వ్యాపారంతో కలిపేస్తారు. ప్రకటన అంటే పత్రికలో చోటు కొనుక్కుని మన గొప్ప మనమే చెప్పుకోవడం. అది ప్రకటన అని చదివేవాడికి తెలుసు. పౌర సంబంధాల్లో చోటు కొనరు. విలేకరికి సమాచారం ఇస్తారు. వేయడమా మానడమా అన్నది అతని ఇష్టం. అతను వేస్తే అది వార్త. అందుకే జనం దాన్ని ప్రకటన కంటే ఎక్కువగా నమ్ముతారు. ఈ వృత్తికి ఉన్న విలువంతా ఆ నమ్మకంలోనే ఉంది, ముప్పంతా కూడా అక్కడే ఉంది.

రోజువారీ పని బయటికి కనిపించేంత హంగుగా ఉండదు. పొద్దున్నే అన్ని పత్రికలూ చదివి సంస్థ గురించి ఏం వచ్చిందో పైవారికి చెప్పాలి. పత్రికా ప్రకటన రాయాలి. విలేకరులు అడిగినదానికి లోపల నుంచి జవాబు రాబట్టాలి. సిబ్బంది కోసం సమాచార పత్రిక తేవాలి. సోషల్ మీడియాలో వచ్చే ఫిర్యాదులకు బదులివ్వాలి. ప్రమాదమో వివాదమో వచ్చిన రోజు మాత్రం వీటన్నిటినీ పక్కన పెట్టి ఫోను దగ్గరే కూర్చోవాలి.

మీ చేతిలో ఉన్న ఈ సంచిక కూడా ఒక విధంగా పౌర సంబంధాల పనే. ఏడాదంతా సొసైటీ ఏం చేసిందో దాతలకు చెప్పుకోవడానికే కదా దీన్ని వేస్తున్నాం.

మొదటి నుంచీ రెండు ముఖాలు

ఈ వృత్తికి పునాది వేసినవారిలో అమెరికాకు చెందిన ఐవీ లీ ఒకరు. ఆయన ముందు విలేకరి. 1906లో ఆయన పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. తాము చేసేదంతా బాహాటంగా చేస్తామని, ఇచ్చే సమాచారం సరైనదై ఉంటుందని, వివరాలు అడిగిన ఏ సంపాదకుడికైనా సరిచూసుకోవడానికి సాయపడతామని అందులోని సారాంశం. అదే ఏడాది అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర వంతెన మీద రైలు పట్టాలు తప్పి నీళ్ళలో పడింది. 50 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో రైలు కంపెనీలు ప్రమాదాలను వీలైనంత వరకూ దాచేవి. లీ మాత్రం తన కంపెనీని ఒప్పించి, విలేకరులను ప్రమాదం జరిగిన చోటికి తీసుకువెళ్ళి, తెలిసిన వివరాలు తెలిసినట్టు రాసి ఇచ్చాడు. పత్రికా ప్రకటన అనే పద్ధతి మొదలైంది ఆ సంఘటనతోనే అని ఈ వృత్తిలో చెప్పుకుంటారు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. 1914లో కొలరాడోలోని లడ్లో అనే చోట సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాలపై కాల్పులు జరిగి, స్త్రీలు, పిల్లలు సహా పలువురు చనిపోయారు. గని యజమానుల తరఫున కరపత్రాలు వేసింది ఇదే ఐవీ లీ. అందులో తప్పు లెక్కలు ఉన్నాయని తర్వాత బయటపడింది. యజమానులు ఇచ్చిన వివరాలను సరిచూడకుండా వేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1934లో, హిట్లర్ పాలనలోని జర్మనీ రసాయనాల కంపెనీ ఐ.జి. ఫార్బెన్‌కు సలహాదారుగా పనిచేసినందుకు అమెరికా చట్టసభ సంఘం ఆయన్ను ప్రశ్నించింది. ఆ ఏడాదే ఆ మచ్చతోనే చనిపోయాడు.

ఒకే మనిషి, ఒకే నేర్పు. ఎవరి తరఫున, ఏ మాట చెప్పాడన్నదే తేడా. మన పిల్లలు ఈ దారిలో వెళ్ళినా ఎదురయ్యే పరీక్ష ఇదే.

ఈ వృత్తిలో ఉన్న మేలు

ముందుగా మన పిల్లలకు కలిసివచ్చే విషయం ఒకటి చెబుతాను. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు, సినిమాల వల్ల హిందీ. ఈ నాలుగూ వచ్చిన పిల్లలు మన ఇళ్ళలో సాధారణం. దాన్ని మనం అర్హతగా ఎప్పుడూ లెక్కపెట్టం. హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆసుపత్రి విషయాన్ని తెలుగు పత్రికకు, ఉర్దూ పత్రికకు, ఇంగ్లీషు చానెలుకు ఒకే పూటలో చెప్పాలంటే అలాంటివాళ్ళే కావాలి. ఈ ఉద్యోగంలో భాషే పెట్టుబడి.

రెండోది, చదువు ఖర్చు. విశ్వవిద్యాలయాల్లో చదివితే ఇంజనీరింగు, వైద్యంతో పోలిస్తే ఇది భారమైన చదువు కాదు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఉంది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే గచ్చిబౌలిలో ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారు అక్కడ మాస్ కమ్యూనికేషన్ చదవవచ్చు. ఢిల్లీలో 1965లో మొదలైన భారతీయ జనసంచార సంస్థలో ప్రకటనలు, పౌర సంబంధాల్లో ప్రత్యేకంగా పీజీ డిప్లొమా నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వంలో ఈ పని చేయాలనుకునేవారికి సివిల్ సర్వీసు పరీక్ష ద్వారానే భారత సమాచార సర్వీసు అనే దారి ఉంది.

మూడోది, నిర్ణయాలు జరిగే గదిలోకి ఈ ఉద్యోగి త్వరగా వెళతాడు. అదే కంపెనీలో ఎకౌంట్సులో చేరినవాడు పదేళ్ళకు గానీ చూడని పై అధికారులను పీఆర్వో మొదటి నెలలోనే చూస్తాడు. సంక్షోభం వచ్చిన రోజు అతని సలహా కోసం వాళ్ళే ఎదురుచూస్తారు. ఆ సలహా సరైనదైతే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి 1982 నాటి టైలెనాల్ ఉదంతాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. అమెరికాలోని చికాగో ప్రాంతంలో ఎవరో దుర్మార్గులు దుకాణాల్లో ఉన్న టైలెనాల్ మాత్రల సీసాల్లో సైనైడ్ కలిపారు. ఏడుగురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు. అయినా జాన్సన్ అండ్ జాన్సన్ ఎవరూ ఆ మందు వాడవద్దని తానే ప్రకటించి, దేశమంతటా ఉన్న దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. పది కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. విలేకరుల నుంచి ఏదీ దాచలేదు. తర్వాత సులభంగా తెరవడానికి వీల్లేని కొత్త మూతలతో మందును మళ్ళీ తెచ్చింది. పోయిన అమ్మకాల్లో చాలా భాగం ఏడాది తిరగకుండానే తిరిగి వచ్చింది.

నాలుగో మేలు డబ్బుతో కొలిచేది కాదు. దీనికి ఉదాహరణ మన దేశంలోనే, మన మధ్యనే ఉంది. పోలియో చుక్కల మీద ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో, బీహారులో ఎన్ని పుకార్లు లేచాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ చుక్కలు వేస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదని భయపడి ఎన్నో ముస్లిం కుటుంబాలు తలుపులు మూసుకున్నాయి. పోస్టర్లు పెంచితే ఆ తలుపులు తెరుచుకోలేదు. యూనిసెఫ్ ఊరూరా స్థానికులైన స్త్రీలనే కార్యకర్తలుగా పెట్టింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ వంటి సంస్థలు చేయి కలిపాయి. ఇమాములు మసీదు మైకుల్లో చుక్కల రోజును గుర్తుచేశారు. తల్లులు అడిగిన ప్రశ్నలకు కసురుకోకుండా జవాబు చెప్పారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు నమోదయ్యాయి. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. ఆ విజయంలో మందుది, వైద్యులది ఎంత పాత్ర ఉందో, భయాన్ని విని దానికి నిజంతో బదులిచ్చినవారిదీ అంత పాత్ర ఉంది. ఆ రోజు ఇంటర్వ్యూలో డెంగీ కాగితం గురించి మాట్లాడిన అమ్మాయి ఇలాంటి పనినే కోరుకుంటోంది.

ముప్పు ఎక్కడ ఉంది?

ఇప్పుడు రెండో వైపు కూడా దాచకుండా చెప్పాలి.

మొదటి ముప్పు పేరులోనే ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో "పీఆర్వో కావలెను" అని కనిపించే ప్రకటనలన్నీ ఈ ఉద్యోగానివి కావు. కొన్ని ప్రైవేటు కాలేజీలు ఎండాకాలంలో పీఆర్వోల పేరుతో కుర్రాళ్ళను తీసుకుని, ఇంటింటికీ తిరిగి ఇన్ని అడ్మిషన్లు తెమ్మని టార్గెట్ పెడతాయి. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో పీఆర్వో పని అంటే పల్లెల్లో ఆర్ఎంపీల చుట్టూ తిరిగి, కమీషన్ ఒప్పుకుని రోగులను పంపించుకోవడం. టార్గెట్ తప్పితే జీతం ఆగుతుంది. ఇందులో రాత పని ఉండదు, నేర్చుకునేది ఉండదు. రోగిని సరుకుగా చూడటం మాత్రం అలవాటవుతుంది. డిగ్రీ చేతికి రాగానే ఏదో ఒక ఉద్యోగం కావాలన్న తొందరలో ఉన్న పిల్లలు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటారు. ఉద్యోగం పేరు చూసి ఊరుకోకుండా, జీతం దేనికి ఇస్తారో అడగమని పిల్లలకు చెప్పాలి.

రెండోది, తన మాటకు తానే జవాబుదారీ అయినా ఆ మాటలోని నిజం తన చేతుల్లో లేకపోవడం. పీఆర్వో రాసే ప్రకటనలోని లెక్కలు వేరే శాఖ నుంచి వస్తాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత తన లేఖలో ఒప్పుకున్నది గుర్తుచేసుకోండి. లేని 5,040 కోట్ల రూపాయల నగదును ఉన్నట్టు లెక్కల్లో చూపించారు. ఆ లెక్కలే మూడు నెలలకోసారి పత్రికా ప్రకటనలుగా బయటికి వచ్చాయి. అలాంటి ప్రకటనను టైపు చేసిన ఉద్యోగికి లోపలి సంగతి తెలియకపోవచ్చు. కానీ ఆ కాగితాన్ని అందుకున్న విలేకరికి గుర్తుండేది ఇచ్చినవాడి ముఖమే.

మూడోది, ఎవరి డబ్బు తీసుకుంటున్నామో చూడకపోవడం. లండన్‌లో బెల్ పాటింజర్ అనే పెద్ద ఏజెన్సీ ఉండేది. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్ళి స్థిరపడిన గుప్తా సోదరుల కంపెనీ తరఫున 2016లో అది పని తీసుకుంది. ఆ కుటుంబానికి, అప్పటి అధ్యక్షుడు జాకబ్ జుమాకు ఉన్న సంబంధాలపై విమర్శలు వస్తుంటే, జనం దృష్టి మళ్ళించడానికి నల్లవారికీ తెల్లవారికీ మధ్య ద్వేషం రేగే విధంగా ప్రచారం నడిపింది. సంగతి బయటపడ్డాక 2017 సెప్టెంబరులో బ్రిటన్‌లోని పౌర సంబంధాల వృత్తి సంఘం ఆ ఏజెన్సీని బహిష్కరించింది. ఉన్న ఖాతాదారులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొన్ని రోజుల్లోనే ఏజెన్సీ మూతపడే దశకు వచ్చింది. ఆ ప్రచారంతో ఏ సంబంధమూ లేని ఉద్యోగులు కూడా రోడ్డున పడ్డారు. విద్వేష ప్రచారం ఎవరి మీద జరిగినా అది ఎంత నష్టం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. రేపు మన పిల్లవాడి చేతికే అలాంటి పని వస్తే, అది ఇంకెవరి మీదనో కదా అని ఊరుకోకూడదు.

నాలుగోది, డబ్బిచ్చి వార్త వేయించుకునే అలవాటు. ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి సొమ్ము తీసుకుని ప్రచారాన్ని వార్తగా వేసిన తీరుపై ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వేసిన ఉపసంఘం 2010లో నివేదిక ఇచ్చింది. ఆ ఇద్దరు సభ్యుల్లో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. మరొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. "పెయిడ్ న్యూస్" అనే మాట అప్పటి నుంచీ అందరి నోటా ఉంది. ఇచ్చే చేయి లేకుండా పుచ్చుకునే చేయి ఉండదు. ప్రెస్ మీట్ అయ్యాక విలేకరుల చేతిలో కవర్లు పెట్టే పని చాలాసార్లు పడేది కొత్తగా చేరిన పీఆర్ ఉద్యోగి మీదే.

ఇక మామూలు కష్టాలు. మొదటి ఏడాది జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే తక్కువ. ఇంటర్న్‌షిప్ పేరుతో కొన్నిచోట్ల నెలల తరబడి ఉచితంగా పని చేయించుకుంటారు. పండుగ పూటైనా, అర్ధరాత్రైనా ఫోను మోగితే తీయాలి. సంస్థకు మంచి పేరు వస్తే అది పైవాళ్ళ ఘనత, చెడ్డపేరు వస్తే "పీఆర్ సరిగా చేయలేదు" అంటారు. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే ముందుగా కత్తి పడే శాఖల్లో ఇదొకటి.

ఒక రాత్రి నేను రాసిన కాగితం

పైన రాసినవి చదివీ చూసీ తెలుసుకున్నవి. ఇది నా సొంత అనుభవం.

ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరం. అది ఒక ఫ్యాక్టరీ. పేరు అనవసరం. రాత్రి షిఫ్టులో ఆవిరి గొట్టం పగిలింది. ఇద్దరు కార్మికులు కాలిపోయి ఆసుపత్రిలో చేరారు. వాళ్ళను ఆటోలో ఎక్కించడం నేను కళ్ళారా చూశాను. గంట తర్వాత మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "స్వల్ప సాంకేతిక లోపం, ఎవరికీ గాయాలు కాలేదు అని రాసి పత్రికలకు ఇవ్వు" అన్నాడు. "సార్, ఇద్దరు..." అని నోరు తెరిచాను. "రేపు చూసుకుందాం, ముందు రాయి" అన్నాడు.

రాశాను. నేనే సైకిలు మీద వెళ్ళి నాలుగు పత్రికల ఆఫీసుల్లో ఇచ్చాను. ఒక విలేకరి, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నన్ను తమ్ముడిలా చూసేవాడు. "నువ్వు చెప్పావంటే సరే" అని ఇంకెవరినీ అడగకుండా ఉన్నదున్నట్టు వేశాడు. మిగతా మూడు పత్రికలు ఆసుపత్రికి వెళ్ళి కనుక్కుని నిజం రాశాయి. మర్నాడు ఎడిటరు ముందు అతను తలవంచుకుని నిలబడవలసి వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నర అతను నా ఫోను తీయలేదు. కాలిపోయిన ఇద్దరిలో ఒకరి తమ్ముడు ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను ఆపి, "గాయాలు కాలేదని రాసింది నువ్వేనా అన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఎందుకు రాశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ధైర్యం లేక అని చెబితే సగమే నిజం. ఆ నెలలో మా చెల్లెలి నిఖా కుదిరింది. మా అబ్బాకు పని లేదు. ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే. ఆ రాత్రి కాదని లేచి వచ్చేస్తే రెండు నెలలు ఇల్లు గడిచే దారి లేదు. నాతోపాటు చేరిన ఇంకో కుర్రాడు అంతకుముందు ఇలాంటిదే ఒక కాగితం రాయనని చెప్పి రాజీనామా చేశాడు. అతని తండ్రికి బజారులో రెండు దుకాణాలు ఉన్నాయి. నాకంటే అతను మంచివాడు కావచ్చు, కాకపోనూ వచ్చు. కాదనడానికి అయ్యే ఖర్చును అతని ఇల్లు భరించగలిగింది, నా ఇల్లు భరించలేకపోయింది.

తర్వాత నేను నేర్చుకున్నాను. "ఇద్దరికి గాయాలయ్యాయి, చికిత్స జరుగుతోంది, కారణం విచారిస్తున్నాం" అని మూడు ముక్కల్లో నిజం రాసి, దాన్నే ఒప్పుకునేటట్టు పైవారికి నచ్చజెప్పడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు ఒప్పుకున్నారు. నిజం ఎలాగూ బయటికి వస్తుందని, మన నోటితో వస్తేనే పరువు దక్కుతుందని వాళ్ళకూ అనుభవం మీద తెలిసింది. కానీ ఆ నేర్పు వచ్చేసరికి నాకు ఎనిమిదేళ్ళ సర్వీసు, బ్యాంకులో కొంత డబ్బు ఉన్నాయి. మొదటి ఏడాదిలోనే ఆ పరీక్ష వస్తే తట్టుకోవడం కష్టం.

దాతలు చేయగలిగినది

ఈ వృత్తి మంచిదా చెడ్డదా అని అడిగితే, మన పేరును, మన మాటను ఇంకొకరికి అప్పిచ్చే పని అని చెబుతాను. డబ్బు అప్పిచ్చేటప్పుడు మనిషిని చూసి ఇస్తాం. మాట కూడా అంతే. అది మన దగ్గర ఉన్న అమానత్. చూసి ఇచ్చే వీలు, అవసరమైతే ఇవ్వనని చెప్పే వీలు ఉన్నవాడికి ఈ వృత్తిలో మేలే ఎక్కువ. ఆ వీలు లేనివాడికి ముప్పు ఎక్కువ. పేదింటి పిల్లలకు లేనిది సరిగ్గా ఆ వీలే. కాబట్టి నేను మీ ముందు పెట్టే సూచనలు ఇవి.

మొదటిది, కోర్సు ఫీజుతో చేయి దులుపుకోకుండా, ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం కూడా ఆ పిల్లల వెనక నిలబడదాం. మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే సొమ్ము సొసైటీ దగ్గర వాళ్ళ పేర వేరుగా ఉంచాలి. తప్పుడు కాగితం రాయలేక ఉద్యోగం మానుకుని వస్తే, ఇంకో చోట కుదురుకునే దాకా అది ఇవ్వాలి. అవసరం పడకపోతే ఆ సొమ్ము మరుసటి విద్యార్థికి వెళుతుంది.

రెండోది, మీలో వ్యాపారులు ఉన్నారు, ఆసుపత్రులు, స్కూళ్ళు నడిపేవారు ఉన్నారు. ఏడాదికి ఒక్కరినైనా జీతమిచ్చి ఇంటర్న్‌గా తీసుకోండి. ఫోటోలు తీయించి వాట్సాప్‌లో పెట్టించడంతో సరిపెట్టకుండా ఒక ఫిర్యాదుకు జవాబు రాయించండి, ఒక ప్రకటన తయారు చేయించండి. మీ సంస్థలో ఏదైనా తప్పు జరిగినప్పుడు ఆ పిల్లవాడి చేత ఏం రాయిస్తారో, జీవితాంతం అతనికి అదే పాఠంగా మిగులుతుంది.

మూడోది, ఇంటర్వ్యూలో మనం అడిగే ప్రశ్నలు మారాలి. ఎంత సంపాదిస్తావు అని అడగడంతో పాటు, ఏ పత్రిక చదువుతావు, గత వారం చదివిన వార్తను నాలుగు వాక్యాల్లో చెప్పు, తెలియని విషయం విలేకరి అడిగితే ఏం చెబుతావు అని అడుగుదాం. ఈ చివరి ప్రశ్నకు "తెలుసుకుని చెబుతాను సార్" అనేవారికి ఈ వృత్తి సరిపోతుంది. మన దేశంలో 1958 నుంచీ పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే వృత్తి సంఘం ఉంది. ఏటా ఏప్రిల్ 21న జాతీయ పౌర సంబంధాల దినం జరుపుతారు. 1968లో అదే రోజున ఢిల్లీలో జరిగిన సమావేశంలో నీతి నియమావళిని ఆమోదించారు. ఇలాంటి సంఘాల సమావేశాలకు పిల్లలను పంపితే, కష్టకాలంలో సలహా అడగడానికి నలుగురు పెద్దలు పరిచయమవుతారు.

నాలుగోది మన గురించే. దాతలకు ఇచ్చే నివేదికలో ఎంతమందికి సాయం చేశామో రాస్తాం. మధ్యలో చదువు మానేసినవారు ఎందరో, ఎందుకు మానేశారో కూడా రాయాలి. పిల్లలను నిజం రాయమని చెప్పే సొసైటీ తన సొంత కాగితంలో దాన్ని చేసి చూపాలి కదా.

ఆ అమ్మాయికి ఫీజు మంజూరైంది. కోర్సు వచ్చే వేసవిలో పూర్తవుతుంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తాను రాసిన ఒక కాగితం తెచ్చి చూపించింది. తాగునీరు కాచి చల్లార్చుకోవడం గురించి తెలుగులో ఒక వైపు, ఉర్దూలో ఒక వైపు పెద్ద అక్షరాలతో ఉంది. వాళ్ళ అమ్మీ చదివి ఒకచోట అర్థం కాలేదంటే అక్కడ మాట మార్చిందట.

ఆ కాగితాన్ని నేను మన పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా చదివారు. మడిచి జేబులో పెట్టుకుని, "ఆ మూడు నెలల ఖర్చు సంగతి చెప్పారే, ఒక్కో పిల్లకు ఎంత అవుతుందో లెక్క వేసి తీసుకురండి" అన్నారు.